జాతరలో చక్రం తిప్పాలంటే
కొత్తగా రంగంలోకి దిగే ఎగ్జిబిషన్ కాంట్రాక్టర్లకు ఉచిత సలహాలు

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, మే నెలలో కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర, సెలవుల్లో మదనపల్లెలో ఎగ్జిబిషన్. ఒక జెయింట్ వీల్, ఒక కొలంబస్, పిల్లలకు ఒక డ్రాగన్ ట్రైను ఉంటే చాలు, మూడు ఊళ్లలోనూ గల్లాపెట్టె నిండుతుంది. అడ్డొచ్చేవి రెండే: వాన, రూలు. వాన మన చేతిలో లేదు. రూలును మీరితే కేసు, రూలు మనకు వర్తించదని తేలిస్తే వ్యాపారం. ఆ తేల్చే కిటుకులే ఇవి.

1. దాన్ని రైడు అనకండి. జనాన్ని ఎక్కించుకుని, ఒక హద్దులో తిప్పుతూ, వినోదం కోసం, ఎక్కినవాడు కాకుండా జీతానికి పెట్టుకున్న మనిషి నడిపే యంత్రమే రైడని అమెరికా వినియోగదారుల భద్రతా చట్టం అంటుంది. ప్రతి ముక్కకూ జవాబుంది. యంత్రమా? ఆటవస్తువు సార్. ప్రయాణమా? ఎక్కినచోటే దిగుతారు కదా. వినోదమా? అమ్మవారి సేవ. జీతగాడా? మా బామ్మర్ది.

2. శాశ్వతమా, తాత్కాలికమా అని అడిగితే ఎదుటివాడి మొహం చూసి చెప్పండి. విప్పి, లారీకెత్తి, మళ్లీ బిగించే రైడుకు బిగించిన ప్రతిసారీ తనిఖీ కావాలి. అందుకని ఆ సంగతి ఎత్తితే, "ఇదే చక్రం పన్నెండేళ్లుగా తిరగతా ఉండాది సార్" అనండి. పార్కుల ప్రమాణాలు అడిగితే, "పది రోజుల పండగ సార్, పోతే పోనీండి" అనండి. అమెరికాలోనూ 1981 నుంచి స్థిరంగా పాతిన రైడ్లను కేంద్రం రాష్ట్రాలకే వదిలేసింది, ఊరూరా తిరిగేవాటినే తన కింద ఉంచుకుంది. ఈ ముక్క మాత్రం ఎవరికీ చెప్పకండి, తిరిగేవాళ్లం మనమే.

3. "ఏ చట్టం కింద సార్?" అని వినయంగా అడగండి. మదరాసు ప్రెసిడెన్సీ ప్రజావినోద స్థలాల చట్టం 1888 నాటిది. 500 చదరపు అడుగులు దాటిన, చుట్టూ మూసిన స్థలానికి లైసెన్సు కావాలంటుంది. ఫెర్రిస్ దొర మొదటి మహాచక్రాన్ని షికాగోలో నిలబెట్టింది ఆ తర్వాత అయిదేళ్లకు, 1893లో. పుట్టని చక్రానికి చట్టమేమిటని వాదించండి. ఒకవైపు రేకులు పీకేసి, "మూసిన స్థలం ఎక్కడ సార్?" అని కూడా అనొచ్చు. ఇక బీఐఎస్ వాళ్ల రైడ్ల భద్రతా ప్రమాణం ఐఎస్ 15475 అంటారా, పాటించి తీరాలని వేరే చట్టం చెప్పేదాకా అది మంచిమాట కిందే లెక్క.

4. ఎత్తు కొలిచే కర్రను టికెట్ కౌంటర్ వెనకాల పెట్టండి. ఒడి మీద దిగే కమ్మీ ఎంత మనిషిని పట్టి ఉంచుతుందో చూసి తయారుచేసినవాళ్లు ఎత్తు నిర్ణయిస్తారు. పొట్టివాడైతే కమ్మీకీ పొట్టకీ మధ్య సందులోంచి జారిపోతాడు. కానీ ఆ లెక్క పట్టుకుంటే 70 నుంచి 90 సెంటీమీటర్లుండే పుంగనూరు ఆవుకు మన జాతరల్లో ఏ రైడూ దొరకదు. మన బ్రీడుకు ఇంత అవమానమా? టికెట్ కొన్నవాడు పెద్దవాడే.

5. బిగింపుల్లో తరగతి భేదాలు పాటించకండి. ఏఎస్‌టీఎం ఎఫ్2291 అనే ప్రమాణం, ఎక్కినవాడి ఒంటి మీద ఎటువైపు ఎంత తోపు పడుతుందో లెక్కగట్టి, బిగింపులను అయిదు తరగతులు చేసింది. ఒకటో తరగతికి ఏ బిగింపూ అక్కర్లేదు. అయిదో తరగతిలో ఒక తాళం చెడినా ఇంకొకటి పట్టాలి, తాళం పడకపోతే రైడు కదలకూడదు. కొలంబస్ ఏ తరగతని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే జాతర ముగుస్తుంది. అందరినీ ఒకటో తరగతిలో చేర్చండి, జనం గట్టిగా పట్టుకుంటారు.

6. గాలికోటను బెలూన్ల పద్దులో రాయండి. యూరప్ వాళ్లు దానికి ఈఎన్ 14960 అని విడిగా ప్రమాణం రాసుకున్నారు: కనీసం ఆరు చోట్ల నేలకు కట్టాలి, గాలి గంటకు 38 కిలోమీటర్లు దాటితే పిల్లల్ని దించేయాలి. మే నెల సాయంత్రం కుప్పంలో ఈదురుగాలి లేస్తే కొలవడానికి మన దగ్గర ఏముంది? రెండు మేకులు కొట్టి దండం పెట్టుకోండి. జెయింట్ వీల్ కింద నేల పల్లంగా ఉంటే మదనపల్లె మార్కెట్లో టమోటా పెట్టెల చెక్కలకు కొదవ లేదు.

7. పిన్నుల మీద డబ్బు తగలేయకండి. తొట్టి వేలాడే బోల్టుకు నట్టు బిగించి, రంధ్రంలోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి, రెండు కాళ్లూ చెరోవైపు వంచుతారు. చక్రం అదురుకు నట్టు వెనక్కి తిరగకుండా ఆపేది ఆ పిన్నే. లారీకెత్తేటప్పుడు పీకిన పిన్నును సాపు చేసి మళ్లీ వంచండి, రెండు మూడు జాతరలకు వస్తుంది. కాలు విరిగితే బైండింగ్ తీగ ఉండనే ఉంది. వెల్డింగు దగ్గర సన్నగా గీత కనిపిస్తే రెండు పూతల ఎనామిల్ వేయండి. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి పగులు వెతికే ఇంజనీరు ముందు పెయింటు గీకమంటాడు. గీకితే అందం చెడుతుందని చెప్పండి. 2019 జులైలో అహ్మదాబాద్ కంకారియాలో లోలకంలా ఊగే రైడు చెయ్యి విరిగి ఇద్దరు చనిపోయారన్న సంగతి ఆయన ఎత్తేలోపు టీ తెప్పించండి.

8. పైనుంచి ఎవరైనా "అన్నా, బోల్టు ఊగతా ఉండాది!" అని అరిస్తే స్పీకర్ సౌండు పెంచండి. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. బోల్టు వదులైందని ముందే చెప్పినా ఆపరేటర్ వినలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. చక్రం ఆపితే ఒక ఆట టికెట్ల డబ్బు పోతుంది. ఆ లెక్క వేసినవాళ్లు మీకంటే ముందే ఉన్నారు.

9. ప్రమాదం జరిగాక ఏ చట్టం కింద అని అడగనవసరం లేదు, పోలీసులే చెబుతారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత ఐపీసీ 304ఎ కింద రెండేళ్ల దాకా జైలు. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్ 106 కింద అయిదేళ్ల దాకా. ఆ సెక్షన్లో ఆటవస్తువు, యంత్రం అన్న తేడా లేదు. శాశ్వతం, తాత్కాలికం అన్న పేచీ లేదు. పోయిందా ప్రాణం, పోయింది ఎవరి నిర్లక్ష్యంతో, అంతే అడుగుతారు. అక్కడ మా చిట్కాలు పనిచెయ్యవు. లాయరును పెట్టుకోండి.