పని ఒకడిది, సోకు ఇంకొకడిది

మళ్లీ మొదలైంది. హాల్లో సోఫా పక్కన ఆర్కేడ్ మెషీన్ ఉండి తీరాలట. ఉంటే ఉండనివ్వండి. కానీ "కొనాలా, సొంతంగా చేసుకోవాలా" అంటూ ఎక్సెల్ షీటు తెరిచి, కనబడినవాణ్నల్లా సలహా అడగడం ఉందే, దాన్ని భరించడం నావల్ల కావడం లేదు.

కొనేవాళ్లతో నాకు పేచీ లేదు. 2018లో అమెరికాలో ఆర్కేడ్‌వన్‌అప్ వాళ్లు ముప్పాతిక సైజు పెట్టెలు అమ్మకానికి తెచ్చారు. ఆరడుగుల మనిషి వాటి ముందు వంగి నిలబడాలి, లేదా అడుగున ఎత్తుపెట్టె వేసుకోవాలి. ఆయన డబ్బు, ఆయన నడుం.

నా గొడవంతా "సొంతంగా" వాళ్లతో. లోపల రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు, అందులో పాత ఆర్కేడ్ ఆటలు ఆడించే, 1997లో పుట్టిన మేమ్ ఎమ్యులేటర్. సరే. కొత్త చెక్కకు గీతలు పెట్టి పాతదిలా చేస్తారు. అదీ సరే. ఆ చిల్లర వేసే కంత దేనికండీ?

మేమ్‌లో కీబోర్డు మీద 5 నొక్కితే కాయిన్ పడ్డట్టే, 1 నొక్కితే ఆట మొదలు. అయినా సరే ఇనుప తలుపు, తాళం, ఎర్ర లైటు, లోపల డబ్బా కావాలి. ఇంటి యజమాని తన జేబులోని రూపాయి తీసి తన పెట్టెలోనే వేసుకుంటాడు. ఆట ముగియగానే తాళం తీసి, ఆ రూపాయే తీసి, మళ్లీ వేస్తాడు. ఇంత నమ్మకమైన చలామణీ రిజర్వ్ బ్యాంకు కూడా చూసి ఉండదు.

పైగా ఇప్పుడు ఇంట్లో రూపాయి బిళ్ల ఎక్కడుంది? ఇడ్లీ బండి దగ్గర కూడా ఫోన్‌తో కట్టే పెద్దమనిషి, కిరాణా కొట్టుకెళ్లి నోటు మార్చి బిళ్లలు తెచ్చుకుంటాడు. రేపు ఆ కంత పక్కన క్యూఆర్ కోడ్ అంటించి, తన ఖాతాలోంచి తన ఖాతాకే పంపుకున్నా నేను ఆశ్చర్యపోను.

ఆ కంతకు విలువ ఉన్నది వీడియో గేమ్ షాపులో. ఆ ఆటలు తయారుచేసిందే చిల్లర మింగడానికి. చాలా మెషీన్లలో డిప్ స్విచ్‌లు మార్చి షాపువాడు ఆటను కష్టం చేయొచ్చు, ప్రాణాలు తగ్గించొచ్చు. 1993 నాటి కాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌ను "ముస్తఫా" అని పిలుచుకున్న పిల్లలు, ఉన్న ఒక్క రూపాయీ పోతుందన్న భయంతో ఆడారు. తాళంచెవి మీ జేబులో ఉన్నాక ఇంక భయమెక్కడిది?

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఈ "సొంతం" పెట్టెను నిజంగా చేసిన కార్పెంటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండుతోంది.

ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు మీద వంపు గీసి కోసిందెవరు? రెండు పక్క పలకలూ ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు సమం చేసిందెవరు? చెక్క పొర లేవకుండా 30 ఎంఎం బటన్లకు రంధ్రాలు వేసి, మైకా అంటించి, అంచు పట్టీ దిగడానికి సన్నగా గాడి తీసిందెవరు? ఆయన. ఈయన చేసింది వైర్లు గుచ్చడం, ఫొటో దిగడం.

జపాన్ సాన్వా జాయ్‌స్టిక్‌కు కస్టమ్స్ సుంకంతో సహా నోరెత్తకుండా కడతాడు. కూలి దగ్గరికొచ్చేసరికి బేరం! కార్పెంటర్ టీకి వెళితే గడియారం చూస్తాడు. చివరికి ఖర్చుల పట్టికలో బోర్డు, తెర, బటన్లు అన్నీ విడివిడిగా ఉంటాయి. కూలి మాత్రం "ఇతరాలు". దాని కింద గర్వంగా ఒక ముక్క: కొన్నదానికంటే చవగ్గా నా చేతులతో నేనే చేశాను. సిగ్గుండాలి.

కొంటే కొనండి, బిల్లయినా నిజం చెబుతుంది. చేస్తే రంపం మీరే పట్టండి. పలక వంకరగా వచ్చినా ఆ వంకర మీదే, నేను వచ్చి చప్పట్లు కొడతాను. చేయిస్తే మాత్రం, పైన లైటు వెలిగే బోర్డు మీద మీ ముద్దుపేరు పీకించి కార్పెంటర్ పేరు రాయించండి. పేరు తెలియదా? బేరమాడినప్పుడు అడిగి ఉండాల్సింది.