సూదన్నా భయపడని పురుగులు

ఏం తింటున్నవ్ బిడ్డా, మోమోనా? మైదా ముద్దను ఆవిరి మీద ఉడకబెట్టి, పచ్చిగుడ్డు గిలక్కొట్టిన తెల్లటి జిగట పూసుకోని నాకుడు. పేరు మయోనీజంట. 2024 అక్టోబర్‌ల హైదరాబాదుల మోమోలు తిని ఒకామె పాణమే పోయె, ఎంతోమంది దవాఖానల పడిరి. 30వ తారీకున సర్కారు పచ్చిగుడ్డు మయోనీజును ఏడాదిపాటు బంద్ పెట్టె. మా రోజుల్ల సర్కారు బంద్ పెట్టేటంత తెలివిగల్ల తిండే లేకుండె.

నల్లగొండ గడియారం కాడ మిర్చీలంటే సలసల కాగే నూనెలకెంచి తీసి మోదుగాకు దొప్పల ఏసిచ్చేటోడు. నాలుక కాలితె కాలె గని పురుగు బతికేది కాదు. కురుమూర్తి జాతరకు బండ్లు కట్టుకోని పోతుంటె మా పెద్దనాయిన వాగు కాడ ఎడ్లనిప్పి జొన్నరొట్టెల మూట తీసేటోడు. ఆ ఎడ్లల్ల ఎలపటిది ఉత్త మొండిది, నీళ్లు చూస్తె ఇగ కదలకపోయేది... ఏం చెప్తున్న? ఆఁ, పురుగుల ముచ్చట.

గత్తరొచ్చి ఊర్లకు ఊర్లు ఖాళీ అయినయని మా అవ్వ చెప్తుండె, అదీ నిజమే. వాగు నీళ్లు మేమేమన్న కాచి తాగినమా? అయినా ఆ గత్తర పురుగుకు ఇంత మర్యాద ఉండె, మందేస్తె చచ్చేది. మన తెలుగాయన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాల నడిపిన ల్యాబులనే 1948ల ఆరియోమైసిన్ బయటికొచ్చె. టెట్రాసైక్లిన్ జాతి మందులల్ల అదే మొదటిది.

గిప్పటి పురుగుకు గా భయం లేదు. హైదరాబాదుల బండ్ల మీద నంజుకోను ఇచ్చే ఉల్లిగడ్డ, క్యారెట్ ముక్కల్ని తార్నాక జాతీయ పోషకాహార సంస్థోళ్లు పరీక్ష చేసి, సాల్మొనెల్లా, ఈకొలై అసొంటివి ఉన్నయని 2014ల రాసిరి. అవి కడుపుల పడుడు ఒక బాధ, పడ్డంక మాత్రకు లొంగకపోవుడు ఇంకో బాధ. ఎట్ల లొంగుతయ్? పటాన్‌చెరుల మందుల కంపెనీల మురికి శుద్ధి చేసినంక ఒదిలే నీళ్లల్ల లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007ల తేల్చిరి. మాత్ర మింగినోడి నెత్తుర్ల కూడ అంత ఉండది! తర్వాత ఆ నీళ్లను పైపుల అంబర్‌పేట దాకా తెచ్చి మూసీల కలిపిరి. మూసీ ఎటొస్తది? మన దిక్కే. మన వరిమళ్లు తడుపుకుంట వచ్చి వాడపల్లి కాడ కృష్ణల పడ్తది. మందుల తానం చేసి పెరిగిన పురుగు నీ మాత్రకు బెదురుతదా?

మళ్ల నువ్వేం చేస్తవ్, రెండు పూటలు ఏస్కోని తగ్గిందని ఒదిలేస్తవ్. చేన్ల గరికను సగం పీకి ఒదిలినట్టు, మిగిలిన మొండిదే మళ్ల పారుతది. కొన్ని పెద్ద యాంటీబయాటిక్‌లను చీటీ లేకుంట అమ్మొద్దని 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్‌-1 నిబంధన ఉన్నది. చీటీ అడిగే షాపోడేడి?

నా మాట ఇను. కడుపు కరాబైతె ముందుగాల ఓఆర్‌ఎస్ తాగు. నెత్తురు పడ్డా, జొరమొచ్చినా డాక్టరు కాడికి పో, రాసిచ్చినన్ని రోజులు మింగు. మిర్చీలు తినాలనిపిస్తె నీ కండ్ల ముందల నూనెల మునిగినవే తిను, పక్కన పెట్టే కోసిన ఉల్లిగడ్డను మాత్రం ముట్టకు.