దేవానాంప్రియుడికో ఫ్లెక్సీ

మహానాయకుడు కావడానికి ఏం కావాలి? యుద్ధాలు గెలవాలా? జైళ్లకి వెళ్లాలా? నిరాహార దీక్షలో ప్రాణం వదలాలా? ఎందుకండీ అంత శ్రమ! ఊళ్లో ఫ్లెక్సీల షాపుందిగా. చదరపు అడుగుకి ఇంతని రేటు. అడుగులు పెరిగేకొద్దీ నాయకుడి ఘనతా పెరుగుతుంది.

షాపులో కుర్రాడు మౌస్ మీద చెయ్యి తియ్యకుండానే అడుగుతాడు: “బిరుదేం పెట్టమంటారన్నా?” వాడి కంప్యూటర్లో అన్నీ సిద్ధం. అపర భగీరథుడు. అభివృద్ధి ప్రదాత. బడుగుల ఆశాజ్యోతి. పోయినేడాది ఫైలు తెరుస్తాడు. పాత తలకాయ తీసేసి కొత్త తలకాయ అతికిస్తాడు. పార్టీ మారిన నాయకుడైతే మరీ సులువు, తల ఉంచి రంగు మారిస్తే సరి. జుట్టు నల్లబడుతుంది. పొట్ట లోపలికి పోతుంది. వెనకాల ఓ సింహం, ఓ ఉదయించే సూర్యుడు ఉచితం. అసలు తగాదా కింది వరసలో. అక్కడ పాస్‌పోర్టు సైజు తలకాయలు పాతిక, ముప్ఫై ఉంటాయి. ఎవడి చందా ఎంతో వాడి తల అంత. “నా ఫొటో వాడి ఫొటో కంటే చిన్నదేంట్రా?” అని అర్ధరాత్రి ఫోన్లు. గొప్పవాడెవరన్న ప్రశ్న మీద చరిత్రకారులు తరాల తరబడి కొట్టుకుంటారు. మనవాళ్లు గంటలో ప్రింటు తీసేస్తారు.

తెల్లారేసరికి ఆ మహానుభావుడు బస్‌షెల్టరుకి అడ్డంగా, సిగ్నల్ లైటుకి అడ్డంగా వేలాడుతుంటాడు. అపర భగీరథుడి బొమ్మ కింద ఆడవాళ్లు బిందెలు వరసపెట్టుకుని నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంటారు. పక్క వీధిలో అదే బొమ్మకి పాలాభిషేకం. ఫ్లెక్సీ పాలు తాగుతుందా? ప్యాకెట్లు చించి పోస్తున్న కార్యకర్త ఇంట్లో పిల్లాడికి గ్లాసుడు పాలున్నాయో లేదో మాత్రం అడక్కండి. ఊపు తగ్గిపోతుంది.

ఇదంతా కార్యకర్తల అభిమానం, పాపం నాయకులకేం తెలుసు అంటారా? అయితే వినండి, పథకాలకి నాయకులు పెట్టుకున్న పేర్లు. చంద్రన్న కానుక. జగనన్న విద్యాకానుక. కేసీఆర్ కిట్. ఏ పార్టీనీ వదల్లేదు, కోపగించుకోకండి. పండక్కి సరుకులు, బడిపిల్లలకి సంచులు, బాలింతలకి సబ్బులూ దోమతెరలూ. అన్నీ మంచివే. డబ్బెవరిది? సబ్బు కొన్నా పెట్రోలు కొట్టించినా మీరూ నేనూ కట్టే పన్నుది. పేరెవరిది? సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా?

ఆంధ్రప్రదేశ్‌లో పట్టాదారు పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ వేశారు. అది చాలక పొలంలో పాతిన సర్వే రాళ్ల మీదా వేశారు. తాతల నాటి పొలం. దాని హద్దురాయి మీంచి కూడా ఆయనే నవ్వుతుంటే రైతు ఎటు తిరిగి నిలబడాలి? పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులు పూశారు. తుడవమని 2020లో హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టు దాకా వెళ్లి మరీ చీవాట్లు తిని వచ్చారు. తర్వాత ప్రభుత్వం మారింది. రాళ్ల మీద బొమ్మలు గీకే పని మొదలైంది. వెయ్యడానికీ మన డబ్బే. గీకడానికీ మన డబ్బే.

ఈ జబ్బు మనదొక్కటే అనుకుని సిగ్గుపడకండి. తుర్క్‌మెనిస్తాన్‌లో 2006లో పోయిన నియాజోవ్ అనే అధ్యక్షుడు జనవరి నెలకి తన బిరుదు పెట్టుకున్నాడు, ఏప్రిల్‌కి తల్లి పేరు పెట్టాడు. రాజధాని అష్గాబాద్‌లో బంగారు పూత పూసిన తన విగ్రహం నిలబెట్టాడు. మొహం ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండేలా అది మెల్లగా తిరిగేది. ఈ సంగతి మనవాళ్ల చెవిన వెయ్యకండి. టెండరు పిలుస్తారు.

విగ్రహాలంటే గుర్తొచ్చింది. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. తొమ్మిది నెలలకి విజయవాడలో మరో 125 అడుగులు, 81 అడుగుల పీఠం మీద. ఆయనకి ఎంత ఎత్తు కట్టినా తక్కువే, అందులో పేచీ లేదు. కట్టించినవాళ్లు ఆయన రాసింది చదివారా అన్నదే అనుమానం. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన ఏమన్నారు? మతంలో భక్తి ముక్తికి దారి చూపొచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి తీస్తుందని హెచ్చరించారు. అంతకు ముందే 1943లో పుణెలో రానడే జయంతి సభలో, అసలు గొప్పవాడంటే ఎవరన్న ప్రశ్ననే చేతిలోకి తీసుకున్నారు. చిత్తశుద్ధి ఒక్కటే చాలదన్నారు. తెలివి ఒక్కటే చాలదన్నారు. సమాజం కోసం తపన ఉండాలి, అవసరమైతే సమాజానికి తానే కొరడా కావాలి, దాని మురికి ఊడ్చాలి అన్నారు.

మనవాళ్లూ ఊడుస్తారు లెండి. ముందురోజే శుభ్రం చేసిన రోడ్డు మీద నాలుగాకులు చల్లించి, కొత్త చీపురు పట్టుకుని, కెమెరా వచ్చేదాకా ఆగి మరీ ఊడుస్తారు. తర్వాత అంబేద్కర్ విగ్రహానికి దండ వేస్తారు. దిగొచ్చి తమ నాయకుడి కాళ్ల మీద పడతారు. అంతెత్తు నుంచి ఆయన చూస్తూ ఉండాలి, పాపం.

ఎన్నిసార్లు గెలిచాడన్నదే కొలమానం అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ప్రకాశం పంతులు లెక్కలోకే రాడు. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా ఆయన కుర్చీలో ఉన్నది పదమూడు నెలలు. 1954 నవంబర్‌లో మద్యనిషేధం గొడవలో ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు తేడాతో! ఇవాళైతే ఆ ఒక్క ఓటు కోసం రిసార్టు బుక్కయ్యేది, బస్సులు కదిలేవి, ఎమ్మెల్యేల ఫోన్లు స్విచాఫ్ అయ్యేవి. మద్యం సంగతంటారా? అప్పుడు దానివల్ల ప్రభుత్వం కూలింది. ఇప్పుడు దాని ఆదాయం మీదే ప్రభుత్వాలు నిలబడ్డాయి. మద్రాసులో బారిస్టరుగా దండిగా గడించిన పంతులు 1957లో పోయేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేదంటారు. మనవాళ్ల ప్రయాణం అటునుంచి ఇటు. చిల్లిగవ్వ లేకుండా వస్తారు, అఫిడవిట్‌లో పేజీలు చాలక అదనపు కాగితాలు జోడిస్తారు.

సరే, ప్రపంచ స్థాయికే పోదాం. మహానాయకుల జాబితా ఎవడు రాసినా అశోకుడు అందులో ఉంటాడు. మంత్రిగారి లెటర్‌హెడ్ మీద సింహాలు ఆయనవే. ఆయనేం చేశాడో చూడ్డానికి పాట్నా వెళ్లక్కర్లేదు. కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద ఆయన ప్రధాన శిలాశాసనాలు పద్నాలుగూ చెక్కి ఉన్నాయి. బొమ్మ లేదు. దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే తప్ప అశోకుడన్న సొంత పేరు కూడా ఆ పద్నాలుగింటిలో లేదు. ఆ లిపిని 1837లో ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు ఉద్యోగి చదివేదాకా, ఈ ప్రియదర్శి ఎవడో మన దేశంలో చెప్పగలిగినవాడు లేడు. పైగా పదో శాసనంలో, కీర్తి ప్రతిష్ఠలంటే తనకంత లెక్క లేదనీ, జనం ధర్మంగా బతికితే అదే చాలనీ చెప్పుకున్నాడు. పబ్లిసిటీ విభాగం లేని ప్రభుత్వం. ఎలా నడిపాడో ఏమో!

ఆరో శాసనం చదివితే మన కలెక్టరేట్లకి జ్వరం వస్తుంది. నేను భోంచేస్తున్నా సరే, అంతఃపురంలో ఉన్నా సరే, తోటలో ఉన్నా సరే, ప్రజల సంగతైతే అక్కడికే వచ్చి చెప్పండి అని అందులో ఆజ్ఞ.

మనకీ అర్జీల రోజు ఉంది, ప్రతి సోమవారం. పేర్లకి కరువా? ప్రజావాణి, మీకోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, పీజీఆర్‌ఎస్. ముసలాయన పొద్దున్నే బస్సెక్కి వస్తాడు. గేటు బయట చెట్టు కింద డబ్బిచ్చి అర్జీ రాయించుకుంటాడు. క్యూలో నిలబడతాడు. నంబరు వేసిన రసీదు చేతిలో పెడతారు. అర్జీ ఎవరి మీద? తహసీల్దారు ఆఫీసు మీద. అది తిరిగి ఎవరికి వెళ్తుంది? తహసీల్దారు ఆఫీసుకే. కొన్నాళ్లకి ఫోనులో మెసేజ్ వస్తుంది: మీ సమస్య పరిష్కరించబడింది. మనవడు చదివి వినిపిస్తాడు. పెద్దాయన తన పొలం వైపు ఓసారి చూసుకుంటాడు. మళ్లీ సోమవారం, మళ్లీ బస్సు.

ఇక పదమూడో శాసనం. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని అక్కణ్ణుంచి తరలించారని, లక్ష మంది చచ్చారని, ఆ తర్వాత పోయినవాళ్లు అంతకు ఎన్నో రెట్లని అందులో ఉంది. అందుకు తాను కుమిలిపోతున్నానని ఉంది. ఈ లెక్క ఎవరు చెప్పారు? ప్రతిపక్షమా? పత్రికలా? చేసినవాడే, గద్దె మీద కూర్చుని ఉండగానే బండ మీద కొట్టించాడు.

అప్పుడే దండం పెట్టేయకండి. ఆయనా రాజకీయ నాయకుడే. బాధపడ్డాడు గానీ కళింగని తిరిగిచ్చాడా? ఇవ్వలేదు. అదే శాసనంలో అడవి జనాలకి ఓ బెదిరింపు కూడా జారవిడిచాడు. అన్నిటికంటే చిత్రం ఏంటంటే, దెబ్బ తిన్న కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ పదమూడో శాసనం లేదు. క్షమాపణ కర్నూలోళ్లకి వినిపించాడు, కళింగోళ్ల దగ్గర దాచాడు. ఆ మాత్రం లౌక్యం లేకపోతే చక్రవర్తి ఎలా అవుతాడు?

అంత లౌక్యుడు కూడా చేసిన పనేంటంటే, తన ప్రభుత్వం మీద తానే శ్వేతపత్రం వేసుకున్నాడు. మన శ్వేతపత్రాలు చూశారుగా? 2023 డిసెంబర్‌లో తెలంగాణలో వేశారు. 2024 జులైలో ఆంధ్రలో వేశారు. ముందున్నవాళ్లు ఎంత ముంచారో పేజీలకి పేజీలు. రేపు వచ్చేవాళ్లు వీళ్ల మీద వేస్తారు. కాగితం తెలుపు, వేలెప్పుడూ అవతలి వైపు.

మన కళింగలు మనకీ ఉన్నాయి. పోలవరం ముంపు మండలాల్లో ఊళ్లొదిలి వెళ్లినవాళ్లున్నారు. మల్లన్నసాగర్ కింద ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద ముఖ్యమంత్రి నుంచి ఎంపీటీసీ దాకా పేర్లు చెక్కుతారు. ఊరు పోయినవాడి లెక్క ఒక్క రాయి మీదైనా ఉందా? పరిహారం కోసం ఇంకా తిరుగుతున్నవాడి పేరు?

కాబట్టి అయ్యా, అమ్మా, మీ నాయకుడు చరిత్రలోనే మహానాయకుడా? ఒప్పుకుంటాను. పదవిలో ఉండగా, కోర్టు అడక్కుండా, ఎన్నికల్లో ఓడకుండా, “ఈ పని నేను చెడగొట్టాను, ఇంతమంది నష్టపోయారు, లెక్క ఇదీ” అని ఆయన సంతకం పెట్టిన కాగితం ఒక్కటి తెచ్చి చూపించండి. బండ అక్కర్లేదు. ఏ4 సైజు చాలు.