దూలాల ఖరీదు

కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో పాతకాలపు మట్టి మిద్దెలు ఇంకా అక్కడక్కడ నిలబడి ఉన్నాయి. మందపాటి రాతి గోడలు, వాటి మీద వేప దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన చెక్కలు. చెక్కల మీద వేపాకో కానుగాకో దట్టంగా పరిచి, తడిమట్టి మెత్తి, అన్నిటికన్నా పైన జానెడు మందాన చవుడు పోస్తారు. తడి తగిలితే చవుడులోని సన్నటి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. ఇక నీటిచుక్క కిందికి దిగదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని, ఎండలు మండిపోయే నేలకు అంతకన్నా తగిన పైకప్పు లేదు.

అట్లాంటి మిద్దెలో పుట్టి అందులోనే ముసలివాడైన రైతు ఒకాయన. చవుడు పరచడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పేరు. కొడుకు వేరుశనగ సేద్యం మీద ఆశ వదులుకుని బెంగళూరు పోయి బిల్డింగు పనుల్లో చేరాడు. పెండ్లీడు వచ్చింది. వచ్చిన సంబంధమల్లా ఒకేమాట చెప్పి వెనక్కి పోయింది: మట్టి మిద్దెకు పిల్లనియ్యం.

"నాయనా, మిద్దె పీకేసి స్లాబు ఏస్తాం."

"ఎండాకాలం సల్లగుండాది కదరా."

"ముసురు పట్టిందంటే ఎప్పుడు కూలుతాదోనని నిద్ర రాదు. నీ తర్వాత చవుడు పరిచేదానికి ఎవరుండారు?"

కొడుకు మాటలో తప్పు లేదు. నాలుగు రోజులు ఎడతెగకుండా కురిస్తే పాత మిద్దెలు కూలి మనుషులు చచ్చిపోవడం సీమలో అందరూ ఎరిగిందే. చెద పట్టిన దూలం మార్చాలంటే కొత్త కలప కొనే స్థోమత ఎవరికుంది? పెద్దాయన ఒప్పుకున్నాడు.

మిద్దె విప్పిన రోజే పాత కలప వ్యాపారి లారీ తెచ్చుకున్నాడు. చెద ముట్టని దూలాలు, దంతెలు, తలవాకిలి అన్నీ కలిపి గుత్తగా బేరమాడి తీసుకుపోయాడు.

ఏప్రిల్లో స్లాబు పడింది. కాంక్రీటు ఆరి గట్టిపడదు, తడిలోనే గట్టిపడుతుంది. సిమెంటుకు నీళ్లు చాలకపోతే బలం రాదు, పగుళ్లు వస్తాయి. వేడిగా పొడిగా ఉండే చోట కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మేస్త్రీ స్లాబు మీద గట్లు వేసి మడులు కట్టాడు. ఊళ్లో బోర్లు ఎండిపోయి ఉన్నాయి, ట్యాంకర్లు తెప్పించారు. సాయంత్రం నింపిన నీళ్లు మర్నాటి మధ్యాహ్నానికి ఇగిరిపోయేవి. మళ్లీ ట్యాంకరు. దూలాలు అమ్మిన డబ్బంతా ఆ మడుల్లోకే పోయింది. పెద్దాయన నిచ్చెనెక్కి నిండుగా నిలిచిన నీళ్లను చాలాసేపు చూశాడు.

"నా సేన్లో ఏ పొద్దూ ఇన్ని నీళ్లు నిలబళ్లేదురా" అన్నాడు.

పెండ్లయింది. మరుసటి వేసవికి ఇంట్లో ఉండలేని పరిస్థితి. ఐదంగుళాల స్లాబు పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయేదాకా ఆ సెగను ఇంట్లోకి వదులుతుంది. కలపతో పోలిస్తే కాంక్రీటు గుండా వేడి దాదాపు పది రెట్లు సులువుగా పారుతుంది. దాన్ని ఆపడానికి పైన చవుడూ లేదాయె. స్లాబు వేసుకున్నవాళ్లు దాని మీద తెల్లగా సున్నం కొట్టించినా, ఇంత నీడ కల్పించినా సగం బాధ తప్పుతుంది. ఆ మాట చెప్పే మనిషే ఊరికి రాలేదు. ఇంటిల్లిపాదీ మంచాలు వేపచెట్టు కిందికి మార్చుకున్నారు.

ఆ రోజుల్లోనే దేవనహళ్లి దాటాక, నంది కొండల దాపున ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫారంహౌసు కట్టిస్తున్నాడు. తెలుగాయనే. అచ్చంగా సీమ మిద్దె కావాలని ఆయన ముచ్చట. ఎంత వెదికినా చవుడు పరిచేవాళ్లు దొరకలేదు. అక్కడే కూలికి ఉన్న కొడుకు, "మా నాయనకొచ్చు సార్" అన్నాడు.

పెద్దాయన బస్సెక్కి వచ్చాడు. గోడలు లేచి, దూలాలు ఎక్కించి ఉన్నాయి. తలెత్తి వాటిని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా పనిలోకి దిగాడు. ఆకు పరిచాడు, మట్టి మెత్తించాడు, చవుడు పోసి దిమ్మిసతో కొట్టించి, నీళ్లు జారేటట్టు వాలు తీశాడు.

యజమాని లోపలికి వచ్చి, ఆ చల్లదనానికి మురిసిపోయాడు.

"ఇంక ఏసీ అక్కర్లేదు! మీ ఊళ్లో మీదీ ఇట్లాంటి ఇల్లేనా పెద్దాయనా?"

"కాదు సామీ. మాది పక్కా ఇల్లు. ఎండాకాలం చెట్టుకింద పండుకుంటాం."

యజమాని నడిదూలానికి ఉన్న ఇనుప కడియం చూపించాడు. "ఇదొక్కటే చూడ్డానికి బాగాలేదు. కోయించేద్దామా?"

"ఉండనీండి సామీ. బిడ్డకు ఉయ్యాల కట్టేదానికి పనికొస్తాది. బరువు బాగా ఆపుతాది."

"మీకెట్లా తెలుసు?"

పెద్దాయన వాకిట్లోంచి బయటికి చెయ్యి చూపించాడు.

"అదో, మీ కాంపౌండు గోడ పునాదికి కాంక్రీటు కలుపుతాండాడే, వాణ్ని దీనికే కట్టి ఊపినాం."