స్కూటసంజీవని: ఒక రమ్మీ స్కోరు కాగితానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది పలకననీ ముందే ఒట్టేసి కలం పట్టాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నావల్ల కాదు. ఎందుకంటే మూలం ఐదు వరుసలు, ఒక పద్యం. దాని మీద మా ఇంట్లో జరిగిన వాదన మూడేళ్లది.

తణుకు దగ్గర పల్లెలో మా పెదనాన్నగారమ్మాయి పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకి. ఆ వేళకి లేవడం కంటే అసలు పడుకోకపోవడమే సుఖమని మేడమీద గదిలో జంపఖానా పరిచారు. రెండు పేకలు, రెండు పేపరు జోకర్లు, వెరసి 106 ముక్కలు. మనిషికి 13. నూటొక్క పూలు, తలకు 20 రూపాయలు. స్కూట్‌కి 20, మిడిల్‌కి 40, ఒరిజినల్ (జోకరు కలపని వరస) లేకుండా దొరికిపోతే ఫుల్లు 80. మిగిలిపోయిన శుభలేఖ వెనకాల స్కోరు.

మూలం

అ — 20, 20, 0, 20, 20, 20, 0, 0
బా — 0, 20, 36, 0, 26, 19
బా. — 12, 0, 40, 9, 0, 0, 23, 34
మా — 38, 20, 14, 31
చి — 24, 80 / 59, 20, 20, 17

అంచున సన్నటి అక్షరాల్లో, రెండో ఆటకి ఎదురుగా:

ఒరిజినల్లు లేక ఊరక కూర్చున్న
చేత జోకరున్న చేటె మిగులు
ఇరువదిచ్చి లేచి ఇంటికి చేరుట
ఎనుబదిచ్చుకంటె నెంతొ నయము

ప్రతిపదార్థం

అ = అత్తయ్య; మా నాన్నగారి అక్క. అకారం అక్షరాల్లో మొదటిది కాబట్టి మొదటి వరుస ఆవిడకు దక్కిందని కొందరు. స్కోరు రాసినవాడు ఆవిడ తమ్ముడు కాబట్టి, భయం వల్ల దక్కిందని నేను.

బా = బావ, అత్తయ్య కొడుకు. బా. = బాబాయి. ఇద్దరికీ తేడా ఒక్క చుక్క. లేఖకుడు బాబాయే గనుక ఆ చుక్క తన పక్కన పెట్టుకున్నాడు. పెళ్లి అయిన మర్నాడు బావ ఈ కాగితం తీసి, ఆ చుక్క చుక్క కాదు, ఈగ చేసిన పని అని వాదించాడు. చుక్క పోతే రెండు వరుసలూ ఒకరివే అవుతాయి, ఒక మనిషి ఒకే ఆటలో షో కొట్టి 12 తినడం రమ్మీలో లేదు. కనుక చుక్క ప్రామాణికం.

మా = మావయ్య, అత్తయ్యగారి భర్త, పై పద్యకర్త.

చి = చిరంజీవి అని ఒక పక్షం, చిన్నోడు అని మరొక పక్షం. ఈ టీకాకర్తే. రెండో ఆట తర్వాత అందరూ దీన్ని దీర్ఘమిచ్చి, ఒత్తి పలికారు.

0 = షో. ఇది సున్న అయినా పూర్ణం. లోకంలో సున్న తెచ్చుకున్నవాణ్ణి మెచ్చుకునేది పేకాటలోనే.

20 = స్కూట్. పంచిన పదమూడూ చూసి, ఒక్క ముక్కైనా ఎత్తకముందే బోర్లా పెట్టి తప్పుకోవడం. ఇంగ్లీషు వాడు ఈ మాటకు ఉడాయించడం అని అర్థం చెబుతాడు. నేను అంత దూరం పోను. ధాతుపాఠంలో స్కంద్ అనే ధాతువుంది. దానికి పోవడం, ఎండిపోవడం అని రెండర్థాలు. ముక్కలు పోతాయి, నోరెండిపోతుంది. స్కూట్‌కి ఇంతకన్నా నిరుక్తం దొరకదు.

పద్య వ్యాఖ్య

ఛందస్సు ఆటవెలది. పేరులోనే ఆట ఉంది కనుక సందర్భోచితం. మొదటి పాదంలో "లేక ఊరక" అని సంధి చేయకుండా వదిలెయ్యడం దోషమే. అయితే ఒరిజినల్ కుదరనివాడికి సంధి మాత్రం ఎక్కడ కుదురుతుంది? వరసగా రావలసిన రెండు ముక్కల మధ్య కంత ఉండిపోవడమే కదా ఆ పాదంలో చెప్పిన కష్టం. కాబట్టి ఇక్కడ దోషం గుణమైంది. మూడో పాదం చివర "చేరుట ఎనుబది" అన్నచోట మాత్రం ఏ సమర్థనా లేదు, మావయ్యకు అప్పటికి నిద్ర వస్తోంది.

ఇది నన్ను ఉద్దేశించి చెప్పింది. నా చేతిలో ఆ ఆటకు రెండు జోకర్లు, మూడు రాజులు ఉన్న సంగతి ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా చెబుతాను. ఆఠీను ఐదు, ఆరు పక్కపక్కనే ఉన్నాయి. నాలుగో ఏడో వస్తే ఒరిజినల్ అయిపోతుంది. రెండు పేకలు గనుక నాలుగులు రెండు, ఏడులు రెండు, మొత్తం నాలుగు ముక్కల్లో ఏదైనా చాలు. అవునా?

కాదు. రెండో ఆట నిలువు వరుస చూడండి: అత్తయ్య 20, బావ 20, మావయ్య 20. ముగ్గురు స్కూట్. అంటే 39 ముక్కలు బోర్లాపడి నిద్రపోతున్నాయి. ఐదుగురికి పంచగా మిగిలింది 41. నేను ఎదురుచూస్తున్న ముక్క ఆ 41లోనే ఉందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, రెండు జోకర్లు చెప్పాయి. బాబాయి షో కొట్టాక, మర్యాద కాకపోయినా, అత్తయ్య బోర్లా పెట్టిన కట్ట తిప్పి చూశాను. ఆఠీను ఏడులు రెండూ అక్కడే ఉన్నాయి.

"నా ముక్కలు నీకెందుకురా? నీ ముక్కలు నువ్వు చూసుకోలేకనేగా ఎనభై తిన్నావు!" అంది.

విశేషాలు: పునర్జన్మ ప్రకరణం

చి వరుసలో 80 తర్వాత గీత, గీత తర్వాత 59. ఇరవై నాలుగుకు ఎనభై కలిస్తే 104, నూటొక్కటి దాటింది, దేహం పడిపోయింది. మళ్లీ 20 రూపాయలు కడితే, ఆటలో ఉన్నవాళ్లలో అందరికన్నా ఎక్కువ ఎవరిదో దానికి ఒకటి కలిపి కొత్త జన్మ ఇస్తారు. అప్పుడు మావయ్యది 58, అందుకని నాది 59. ఎదుటివాళ్ల పాపం మూటగట్టుకుని పుట్టే జన్మ ఇదొక్కటే. ఇంకో నియమం కూడా ఉంది: మిగిలినవాళ్లలో ఏ ఒక్కరు 79 దాటినా ఇక పుట్టుక లేదు.

ఈ నియమం తెలియకపోతే నాలుగో ఆటలో జరిగిన అన్యాయం అర్థం కాదు. అప్పటికి నాది సరిగ్గా 79. చెడ్డ ముక్కలు వచ్చాయి, పద్యోపదేశం చెవిలో ఉంది, బుద్ధిగా 20 ఇచ్చి లేచాను. 99 అయింది. అదే ఆటలో మావయ్య 31 తిని 103కి వెళ్లాడు. జేబులోంచి ఇరవై నోటు తీశాడు. బాబాయి పెన్సిలుతో నా 99 చూపించాడు.

"ఏరా అల్లుడూ, నా పద్యం నా మీదే ప్రయోగిస్తావురా?" అన్నాడు మావయ్య. కవికి తన కావ్యం ఎదురు తిరగడం అరుదు. ఆయన ఇప్పటికీ నాలుగో ఆటలో తన చేతికొచ్చిన ఇస్పేటు వరస గురించి చెబుతాడు గాని, 72 మీద కూర్చుని స్కూట్ ఎందుకు చేయలేదో చెప్పడు. మేమందరం అంతే. ఓడిన ఆటలో వచ్చిన అందమైన ముక్కలు గుర్తుంటాయి. పారేసిన ముక్కలు ఎవడికి గుర్తు?

నేను 99 మీద ఐదో ఆటకు వచ్చాను. స్కూట్ చేసే యోగం లేదు, కంపల్సరీ. 17 తిన్నాను. మొత్తం 116. నూటపదహారు చదివించుకుని లేచానని అందరూ నవ్వారు. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవాలి.

పాఠాంతర నిర్ణయం

బా వరుసలో ఐదో అంకె మీద సున్నం మరక ఉంది. కిళ్లీ కట్టిన వేలు ఎవరిదో తేలలేదు. 26 అని లేఖకుడి పాఠం. 25 అని బావ పాఠం. ఒక్క పాయింటుకు ఇంత రభసా అంటారేమో. 56కి 26 కలిస్తే 82; ఆరో ఆటలో 19 కలిస్తే సరిగ్గా 101, బావ ఔట్. 25 అయితే సరిగ్గా 100, బావ బతికే ఉన్నాడు. పైగా ఆ రెండు ఆటల్లోనూ షో కొట్టింది లేఖకుడే. లాభపడినవాడే లేఖకుడైతే ఆ ప్రతిని ఎంతవరకు నమ్మాలి?

బావ సాక్ష్యం: "నా చేతిలో మిగిలినవి ఇస్పేటు రాజు, కళావరు రాణి, ఒక ఐదు. పదీ పదీ ఐదూ పాతిక." వినడానికి నిర్దుష్టంగా ఉంది. కాని కాగితం అంచున, ఐదో ఆట పక్కన, "జో 5" అని ఉంది. ఆ ఆటలో కోసిన జోకరే ఐదు. జోకరుకు లెక్క లేదు, సున్న. కాబట్టి 25 అసంభవమని తేల్చి బాబాయి తొడ చరిచాడు.

నేను అక్కడ ఊరుకుని ఉండాల్సింది. వ్యాఖ్యాతకు నోరు ఊరుకోదు. బావ చేతిలో నిజంగానే ఐదు ఉంటే లెక్క 25 కాదు, 26 కూడా కాదు, 20! అప్పుడు ఐదో ఆట చివర 76, ఆరో ఆట తర్వాత 95. మరక కింద ఏముందోనని కొట్టుకుంటున్నారు గాని, ఇద్దరి పాఠమూ తప్పేమో. ఈ మాట అన్న రోజు నుంచి బాబాయి నాతో పొడిగా మాట్లాడుతున్నాడు.

ఆరు అయి ఉంటుందని, బావ మరిచిపోయి ఉంటాడని నా సొంత ఊహ. చేతిలో జోకరుండగా కలపకుండా ఊరికే పెట్టుకునేవాడు కాదు బావ.

స్కూట తాత్పర్యం

ఇప్పుడు మొదటి వరుసకు వద్దాం. ఐదు ఇరవైలు. ఒకటీ ఎక్కువ లేదు, ఒకటీ తక్కువ లేదు. వంద.

రమ్మీ జూదమా కాదా అన్న ప్రశ్న మీద మహాభాష్యం వంటిది సుప్రీంకోర్టు చెప్పింది, 1967లో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో. మూడు ముక్కలాటలా ఇది వట్టి అదృష్టం కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియడానికి నేర్పు కావాలనీ తీర్పు సారాంశం. ఆట పెట్టించినవాడు దాని మీద లాభం తీస్తే సంగతి వేరే అని కూడా అంది. తర్వాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో కేంద్రం ఆన్‌లైన్ పందాల మీద చట్టాలు తెచ్చాయి. ఫోనులో ఆడేవాడికి ఎదుటివాడి మొహం కనిపించదు కాబట్టి, అది నా వ్యాఖ్య పరిధిలోకి రాదు.

ఉంచుకోవడం, పారెయ్యడం అని న్యాయమూర్తులు రెండే చెప్పారు. మూడోది తప్పుకోవడం. అది అత్తయ్య భాష్యం. ఆరో ఆట చూడండి. ఆవిడది 80, బావది 82, బాబాయిది 61. బావ కంపల్సరీ. అత్తయ్య ముక్కలు చూసింది, ఒరిజినల్ ఛాయ లేదు, బోర్లా పెట్టింది. 100. ఇక ఒక్క పాయింటు తిన్నా పోతుంది. కాని తప్పుకోవడం వల్ల మిగిలింది ఇద్దరే, అందులో బావ ఓడితే వెళ్లిపోతాడు. కన్నకొడుకును తమ్ముడి మీదికి వదిలి, తాను కిళ్లీ చుట్టుకుంది. బావ వెళ్లిపోయాడు. (ఆ కిళ్లీ, పైన చెప్పిన సున్నం మరక, రెండూ ఒకే గంటలో జరిగినవని గమనించగలరు. నేనేమీ అనడం లేదు.)

భారతంలో ఋతుపర్ణుడు తానిచెట్టును చూసి ఆకులు, కాయలు ఇన్నని లెక్క చెబితే, నలుడు దిగి లెక్కపెట్టి నోరు తెరిచాడు. మన త్రిఫలచూర్ణంలో కలిసే ఆ తానికాయలే అప్పట్లో పాచికలు. అక్షహృదయం అంటే లెక్కే. అత్తయ్య ఆ విద్యను ఎక్కడ నేర్చిందని అడిగాను. "నలభై ఏళ్లు చాకలిపద్దు రాశాన్రా" అంది.

చివరి ఆట. ఆవిడ 100, బాబాయి 84. ఇద్దరూ కంపల్సరీ. కింద భజంత్రీలు మొదలయ్యాయి. అత్తయ్య ఆఠీను పది పారేసింది. బాబాయి నవ్వాడు. పది పారేసినావిడకి తొమ్మిదితో పనేముంటుంది? రెండు చుట్లు ఆగి, తన ఆఠీను తొమ్మిది పారేశాడు. ఆవిడ ఎత్తింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. షో.

"అక్కా, పది ఎర వేశావా?"

"లే, జీలకర్రా బెల్లం పెట్టేస్తారు."

బాబాయి చేతి లెక్క 34. ఆ అంకె రాసేటప్పటికి పెన్సిలు ముక్క విరిగింది, అందుకే ఆఖరి అంకె గీరినట్టుంది. ఎవరూ దాని మీద వివాదం లేవదీయలేదు.

గద్య

ఇది మేడమీద గది జంపఖానా నివాసియు, పునర్జన్మానంతరము నూటపదహారు పాయింట్లతో నిష్క్రమించినవాడును, నలుబది రూపాయలు పోగొట్టుకొన్నవాడును, బావకు మిత్రుండును బాబాయికి అమిత్రుండును నగు చి-నామధేయునిచే రచియింపబడిన స్కూటసంజీవని. పందెమున చేరిన నూటయిరువది రూపాయలలో అత్తయ్య, తన అసలు కట్నము వేరుగా చదివించిన పిమ్మట, "పేకాట తరఫున" అని నూటపదహార్లు మరల చదివించెను. అది చదివింపుల పుస్తకమున బాబాయి చేతివ్రాతతోనే యున్నది. మిగిలిన నాలుగు రూపాయలు నా చేతిలో పెట్టి సోడా తాగి రమ్మనెను. అప్పటికి కొట్టు తెరవలేదు.