మంచె దిగిపోయిన ఊళ్లు

అడవి పందులు పెరిగిపోయాయని రచ్చబండ దగ్గర ఏ నలుగురు చేరినా ఒకటే గోల. పెరిగాయి, కాదనను. రాత్రిపూట గట్లమీద నడిచే మనిషి కరువయ్యాడన్న సంగతి మాత్రం ఒక్కడూ ఎత్తడు. ఎత్తితే తనే దుప్పటి కప్పుకుని బయల్దేరాల్సొస్తుందని భయం.

మాది ఇల్లందు పక్క. ఊరు దాటితే చేలు, చేలు దాటితే అడవి. నా చిన్నతనంలో, అంటే 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు, పంది వేటంటే కాళ్లతో చేసే పని. జీపులో లైటు వేసుకుని తిరిగే తుపాకీ పెద్దమనుషులూ ఉండేవాళ్లనుకోండి, వాళ్లది షికారు. మా నాన్న ఈడువాళ్లూ, పక్క గూడెం కోయదొరలూ కలిసి వెళ్లేది వేరు. ఎండలు ముదిరి, ఆకు రాలి, అడవిలో నీళ్లన్నీ రెండు మూడు మడుగుల్లోకి చేరాక కోడికూతకి లేచి నడక మొదలుపెట్టేవాళ్లు. మా కుర్రకారు చేతికి తప్పెట్లిచ్చి ఒక దిక్కునుంచి తోలమనేవాళ్లు. బరిసెలు పట్టినవాళ్లు వాగు ఒడ్డున కాపు కాసేవాళ్లు.

తోలడం ఎంతసేపు? అంతకుముందు చూడటమే అసలు పని. బురదలో పడ్డ గిట్ట గుర్తులోకి నీరు ఇంకా ఊరుతూ ఉందంటే పంది ఇప్పుడే దాటిందని లెక్క. పొర్లి లేచిన పంది చెట్టు మానుకి ఒళ్లు రుద్దుకుంటుంది. ఆ మట్టి మరక ఎంత ఎత్తునుందో చూసి జంతువు ఎంతదో చెప్పేవాళ్లు. మరక తొడ దాకా వచ్చిందంటే ముదురు మగది, ఒంటిగా తిరిగేది. దానిమీదికి కుక్కల్ని వదిలేవాళ్లు కాదు. కోర ఒక్కసారి విసిరిందంటే కుక్క పేగులు బయటే. పందికి చూపు మందం గానీ ముక్కూ చెవీ మహా చురుకు. అందుకని గుప్పెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటో చూసుకున్నాకే అడుగు ముందుకి. ఆ సమయంలో చుట్ట వెలిగించినవాడికి వీపు విమానం మోత మోగేది.

దెబ్బ తిన్న పందిని వదిలేసి ఇంటికి రావడమన్నది లేదు. నెత్తుటి చుక్కలు పట్టుకుని పొద్దుగూకేదాకా అయినా నడవాల్సిందే. గాయపడ్డది మర్నాడు పుల్లలకొచ్చిన ఆడమనిషి మీద పడుతుందని వాళ్లకి తెలుసు. పిల్లల తల్లి మీద బరిసె విసిరాడని ఒక కుర్రాణ్ణి ఆ ఎండాకాలమంతా వెంట రానివ్వలేదు. పంది పడ్డాక పోగులు. మొదటి దెబ్బ వేసినవాడికి తల, కుక్కలవాళ్లకో పోగు, తప్పెట కొట్టిన మాకో పోగు, మగదిక్కులేని ఇంటికీ ఒకటి.

అరకు వైపు మన్యంలో చైత్రమాసం ఇటుకల పండగకి మగవాళ్లంతా కొండెక్కి వేటకి పోయే ఆచారం ఉండేది. ఉత్తచేతులతో దిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోసేవాళ్లు. ఆ రివాజు మా ఊళ్లో ఇప్పుడు పెడితే పశువుల పేడ చాలదు.

వేట ఏడాదిలో కొన్నాళ్లే. మిగతా కాలమంతా కాపలా. కంకి పాలు పట్టిందంటే ప్రతి చేలో మంచె లేచేది. మంచెమీద వడిసెల, డబ్బా, కింద నెగడు. పడుకుంటామంటే కుదరదు, జాముకోసారి దిగి గట్టంతా చుట్టి రావాలి. మనిషి వాసన గట్టుమీద తాజాగా ఉండాలనేవాడు మా నాన్న. ఒక మంచె నుంచి కేకేస్తే పక్క మంచె పలకాలి. పలక్కపోతే పొద్దున్నే వాడి పరువు పోయేది.

ఇప్పుడు? మా మనవడు చేలో ఒక స్పీకరు కట్టాడు. రాత్రంతా పులి గాండ్రింపు, మధ్యలో కుక్కల అరుపులు. మొదటి వారం పందులు బెదిరాయి. తర్వాత ఆ పాటకి తలాడిస్తూ మొక్కజొన్న మేశాయి. ఊరంతా చేలచుట్టూ పాత చీరలు కట్టింది. దూరంనుంచి చూస్తే తిరనాళ్లలా ఉంటుంది గానీ పందికి అడ్డేముంది? రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్లు చేను చుట్టూ ఆముదం వరసలు వేయమన్నారు. అది మంచి మాటే. వేసినవాళ్లెందరు?

నాకు నిజంగా కడుపు మండేది కరెంటు తీగలు చూస్తే. చీకటి పడగానే తీగకి కరెంటు తగిలించి ఇంటికెళ్లి పడుకోవడం! పంది చస్తుందేమో గానీ, తెల్లారి నీళ్లు పెట్టడానికొచ్చిన పక్క రైతు చస్తున్నాడు, మేతకొచ్చిన గేదె చస్తోంది. మంచిర్యాల వైపు పులులే చచ్చాయి. నాటుబాంబు ఎరగా పెట్టి దవడ పగలగొట్టే నీచులైతే మరీ. జంతువు రోజుల తరబడి తిండి లేక కుళ్లి చస్తుంది. ఇదా మగతనం?

చట్టం తెలీదనుకోకండి. 1972 చట్టంలో అడవి పంది మూడో షెడ్యూలులో ఉండేది, 2022 సవరణతో రెండో దాంట్లోకి వచ్చింది. పంట పాడుచేసే పందిని చంపడానికి అనుమతిచ్చే వీలు అందులోనే ఉంది. బీహారులో, ఉత్తరాఖండ్‌లో 2015, 2016ల్లో కేంద్రం దాన్ని కొంతకాలంపాటు హానికర జంతువుగా కూడా ప్రకటించింది. మన తెలంగాణలో సర్పంచులకి ఆ అనుమతిచ్చే అధికారం అప్పగించారు. బాగుంది. అర్జీ పెట్టాలి, జాబితాలో ఉన్న షూటరు రావాలి, అడవి బయట కొట్టాలి, కళేబరాన్ని పూడ్చిపెట్టాలి. ఆ షూటరు ఊళ్లోకి వచ్చేలోపు పందులు చేను ముగించి పక్క మండలం చేరతాయి.

"తాతా, మీరు నడవడం మానేశారనే పందులు పెరిగాయా? పులులు పోయాయి, చెరువు శిఖాల్లో సర్కారు తుమ్మ దట్టమైంది, ఊరంతా మొక్కజొన్న వేశారు. ఇల్లూ భోజనం మనమే పెట్టాం" అంటాడు మనవడు. చదువుకున్నవాడు, అబద్ధమనలేను. చూడి కట్టాక నాలుగు నెలలు తిరక్కుండానే ఈనే జంతువు, ఈతకి నాలుగైదు పిల్లలు. పట్టే పులి లేకపోతే ఆగుతుందా? కానీ పులి లేదు కాబట్టే మనిషి తిరగాలి కదరా అంటే ఫోను చూసుకుంటాడు.

మళ్లీ బరిసెలు పట్టమని చెప్పడం లేదు. అడవిలో చుక్కల దుప్పులు నాలుగు మిగిలాయంటే ఆ చట్టం పుణ్యమే. గట్టు చుట్టి రండిరా, చాలు. చేతికర్రా టార్చిలైటూ ఏ షెడ్యూలులోనూ లేవు.

కంకులు పాలు పడుతున్నాయి. ఈ ఏడు నేనే మంచె కడతానన్నాను. మోకాళ్లు గుర్తున్నాయా అని మా ఆవిడ అడిగింది. మనవడు ఎక్కుతాడులే అన్నాను, వాడు వినలేదు. అడవి కర్ర కొడితే బీటు ఆఫీసరు కేసు రాస్తాడట. అందుకని జామాయిల్ తోటవాణ్ణి అడిగాను. నాలుగు గుంజలకి వాడు చెప్పిన ధర విన్నాక, పందులు తినేదెంతో ఒకసారి లెక్క చూసుకోవాల్సొచ్చింది.