వంటకు మాస్టర్స్ ఎందుకు బిడ్డా?

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని మంగల్‌పల్లి, శేరిగూడ మీదుగా ఇబ్రహీంపట్నం వెళ్ళి చూడండి. రోడ్డుకు రెండు వైపులా ఇంజినీరింగ్ కాలేజీలు, వాటి వెనక పల్లెల్లో టమాటా, వంకాయ. పొద్దున్నే కూరగాయలు నగరానికి పోతుంటాయి, పిల్లలు నగరం నుంచి కాలేజీ బస్సుల్లో వస్తుంటారు. ఆ కూరగాయలకూ ఈ చదువులకూ పరిచయం చేయించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ పల్లెల్లోని అమ్మాయి ఒకతె ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తానందనుకోండి. ముందు మేనత్త: "గదేంది బిడ్డా, వంట నేర్సుకోనీకి గంత సదువెందుకు?" తర్వాత బాబాయి: "ప్యాకేజీ ఎంతొస్తదట?" పెళ్ళిళ్ళ పేరయ్య ఏమీ అడగడు, బయోడేటా మడిచి జేబులో పెట్టేసుకుంటాడు. అదే పిల్ల టిఫిన్లు ఇంటికి చేర్చే యాప్‌కు కోడు రాస్తానంటే వీధంతా మిఠాయిలు. ఇడ్లీ ఏ సందులో ఉందో చెబితే సాఫ్ట్‌వేరు, ఆ ఇడ్లీ తినొచ్చో లేదో చెబితే వంటపని!

నిజానికి ఈ చదువు కొత్తదేం కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, సీఎఫ్‌టీఆర్‌ఐ, 1950లో పుట్టింది. 1964 నుంచి అక్కడ ఫుడ్ టెక్నాలజీలో ఎమ్మెస్సీ ఉంది. అంత దూరం ఎందుకు, నిజామాబాద్ జిల్లా రుద్రూరులో ఈ శాస్త్రం కోసం ప్రత్యేకంగా కాలేజీయే ఉంది. ఏం నేర్పుతారంటారా? ఆవకాయ ఏడాది ఎందుకు నిలుస్తుందో నేర్పుతారు. నీటిని క్రిములకు అందకుండా ఉప్పు కట్టేస్తుంది. పులుపు వల్ల పీహెచ్ 4.6 కంటే దిగితే బొటులిజం అనే విషాహార జబ్బు తెచ్చే క్రిమి పెరగలేదు. పైన తేలే నూనె గాలిని రానివ్వదు. ఇదంతా మా అమ్మమ్మకు తెలుసంటారా? తెలుసు, కాదనను. కానీ అమ్మమ్మ జవాబుదారీ ఒక్క జాడీకి. లక్ష సీసాలు బయటికి పంపే ఫ్యాక్టరీలో సంతకం పెట్టడానికి ఆమె రాదు కదా.

ధర పడిపోయిన ఏడాది టమాటా రోడ్డు పక్కన పారబోస్తారు. టీవీ వాళ్ళొస్తారు, నాయకుడొచ్చి కోల్డ్ స్టోరేజీ కట్టిస్తానంటాడు. ఆ పక్క కొట్లోనే ఎక్కడినుంచో వచ్చిన కెచప్ సీసా దర్జాగా అమ్ముడవుతుంటుంది. టమాటాను ఆ సీసాలోకి చేర్చేదీ ఈ చదువే.

2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మయోనైజ్‌తో వడ్డించిన మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. 30వ తేదీన ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చనీ, పాశ్చరైజ్ చేస్తే అది చస్తుందనీ ఈ చదువులో తొలి పాఠాల్లోనే ఉంటుంది. ఆ వారం వాట్సాప్‌లో ప్రతివాడూ ఫుడ్ సైంటిస్టే, మన బాబాయితో సహా! నిషేధించడానికి ఒక సంతకం చాలు. రోజూ గిన్నె మూత తీసి పరీక్షించడానికి మాత్రం చదువుకున్నవాళ్ళు కావాలి.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ ఇంట్లో ఎవరైనా ఈ చదువు చదువుతానంటే తీరిగ్గా తర్వాత నవ్వుకోండి. ముందు గడువు దాటకుండా ఫీజు కట్టండి.